శుక్రవారం పలికే బాకా

మా నాన్న చేత సిగరెట్టు మాన్పించడానికి ఇరవై ఏళ్ళలో నేను చేయని పని లేదు. పెట్టెలు దాచాను, విరిచాను, నీళ్ళ బకెట్లో ముంచాను. నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి పనిచేసే చోటునుంచి తెచ్చి ఆయన కొట్లో గోడకు అంటించాను. మర్నాటికల్లా దానిమీద ఆ ఏటి క్యాలెండరు వేలాడుతోంది. ఏసుక్రీస్తు పుట్టినరోజుకి ఆయన దగ్గర మాట తీసుకున్నాను. ఆ మాట పన్నెండు రోజుల తరవాత వచ్చే ముగ్గురు రాజుల పండగ దాకా కూడా నిలవలేదు.

నేను బొలీవియాలోని ఒరూరోలో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సుని. పేరు దెల్ఫినా. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. ఇవి రెండూ అమ్మ వైపు నుంచి వచ్చాయని నాన్న అంటాడు, నాన్న వైపు నుంచే వచ్చాయని అమ్మ అంటుంది. నా మాటలు పడలేక మా కేంద్రానికి వచ్చేవాళ్ళలో నలభై మంది దాకా పొగ మానేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాది మాత్రం రచ్చ గెలిచి ఇంట ఓడిన బతుకు.

నాన్న హిలారియో కనవిరి రేకుల పనివాడు. ఊళ్ళో ఏ బ్యాండులో ఏ బాకా సొట్టపడినా, ఏ గొట్టం ఊడినా మా కొట్టుకే వస్తుంది. సొట్టలు తీసి, టంకం పెట్టి, ఊది చూసి ఇస్తాడు. ఆయన కూడా వాయించేవాడే. కార్నివాల్ పండగకి మొరెనాద నాట్యం ఆడే పెద్ద దండు వెనక ఎనభై మంది బ్యాండు నడుస్తుంది. దాని చివరి వరసలో, మనిషి నడుముకు చుట్టుకునే ఆరు పెద్ద బాకాల్లో ఒకటి ఆయనది. అప్పటికి ముప్పై ఒక్క కార్నివాళ్ళు అందులో ఊదాడు.

ఆ ఏడు నవంబరు మొదటి ఆదివారం, ఎప్పటిలాగే దండులన్నీ గనిమాత చర్చి దాకా ఆడుకుంటూ వెళ్ళాయి. వచ్చే కార్నివాల్‌లో నీ కోసం ఆడతాం తల్లీ అని మాట ఇచ్చే ఊరేగింపు అది. నాలుగు కిలోమీటర్లు. అమ్మా నేనూ పేవ్‌మెంటు మీద బ్యాండు పక్కనే నడుస్తున్నాం. చర్చి ముందు ఆఖరి ఎత్తు దగ్గర నా చెవికి ఏదో తక్కువైనట్టు తోచింది. వెనక్కి తిరిగి చూస్తే ఇత్తడి నోళ్ళు ఐదే ఉన్నాయి.

నాన్న కిందనే ఒక చెప్పుల కొట్టు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బాకా ఒళ్ళో ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఏమైంది నాన్నా?"

"పిస్టన్ పట్టేసింది."

నేను వంగి బాకా మీద మీటలా ఉండే పిస్టన్ నొక్కాను. వెన్నలో వేలు దిగినట్టు దిగింది. ఆయన నా మొహం చూడలేదు.

ఈలోగా బ్యాండు పెద్ద దోన్ రోసెందో, మెడలో ఈల ఊగుతుండగా పరుగున దిగి వచ్చాడు.

"ఏం మేస్త్రీ, పిస్టనా?"

"ఆఁ, పిస్టనే దోన్ రోసెందో. ఇసకేదో పడినట్టుంది."

"ఊళ్ళో పిస్టన్లన్నీ బాగుచేసేది నువ్వే కదయ్యా. మరి నీ పిస్టన్ ఎవరు బాగుచెయ్యాలి?" అన్నాడు ఆయన. తరవాత గొంతు తగ్గించాడు. "చూడు మేస్త్రీ, నిన్ను పొమ్మనడానికి నాకు నోరు రాదు. నేను బ్యాండులోకొచ్చేసరికే నువ్వున్నావు. కానీ ఆరు మోగాల్సిన చోట ఐదు మోగితే ముందు ఆడేవాళ్ళ కాళ్ళు తడబడతాయి. కార్నివాల్‌కి వారం ముందు చివరి ఊరేగింపు ఉంది. ఆ రోజు ఆగకుండా పైదాకా రా. రాలేకపోయావనుకో, ఈ ఏడు నీ చోట మా అల్లుడు నిలబడతాడు."

నాన్న తలూపాడు. దోన్ రోసెందో వెళ్ళిపోయాక జేబులోంచి పెట్టె తీసి, ఒకటి నోట్లో పెట్టుకుని, అగ్గిపుల్ల గీశాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఊపిరాడక కూలబడి మళ్ళీ అదేనా!"

"ఊపిరి సర్దుకోడానికేనే."

"పొగతో సర్దుకుంటుందా ఊపిరి?"

"మా తాత తొంభై ఏళ్ళు తాగాడు. ఏమైంది?"

"మీ తాత బాకా ఊదలేదు! గొర్రెలు కాశాడు!"

"ఊరుకోవే దెల్ఫీ, ఊరంతా చూస్తోంది," అంది అమ్మ.

"చూడనీ," అన్నాడు నాన్న, పొగ వదులుతూ. "నేను మానను. మీ ఆస్పత్రి మొత్తం వచ్చి నా కాళ్ళు పట్టుకున్నా మానను. అరిచి నీ గొంతు పాడుచేసుకోకు."

అక్కడితో ఆగిపోయాం. పైన ఐదు బాకాలతో పాట సాగుతూనే ఉంది. నాన్న దాన్ని తల వంచుకుని విన్నాడు. ఆ బ్యాండు పోతే మా నాన్న మిగలడని నాకు ఆ మెట్ల దగ్గర తెలిసింది. భయం వేసింది. నాకు భయం వేస్తే అది కోపంగానే బయటికొస్తుంది.

ఆ తరవాతి వారం లా పాస్ నగరం నుంచి మగాలీ అని ఒక డాక్టరమ్మ మా నర్సులకు రెండు రోజులు పాఠం చెప్పడానికి వచ్చింది. పొగ మానాలని ఏ కోశానా లేనివాళ్ళతో ఏం చెయ్యాలన్నది పాఠం. మీ ఇళ్ళలో అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే అందరికన్నా ముందు నా చెయ్యి లేచింది. నేను చేసినవన్నీ వరసగా చెప్పాను, కొంచెం గర్వంగానే.

"ఆయన ఎన్నిసార్లు మానేశారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఒక్కసారి కూడా లేదు."

"పనిచెయ్యని మందు ఇరవై ఏళ్ళు ఇస్తారామ్మా ఎవరైనా?"

గదంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. చెవిటివాడి ముందు శంఖం ఊదానని అనుకుంటూ వచ్చాను గానీ, శంఖానిదే తప్పని ఎవరూ అనలేదు అంతవరకూ. ఆవిడ చెప్పింది ఇంతే. మానాలని లేనివాణ్ణి మానమని అడగొద్దు. అందులో అతనికి ఏం నచ్చుతుందో అడుగు, అడిగి నోరు మూసుకుని విను. తరవాత ఒక చిన్న పని అడుగు, చాలా చిన్నది. ఒకటి తగ్గించడమో, ఒకటి కాస్త ఆలస్యంగా వెలిగించడమో. మానడం అన్న మాట ఎప్పటికైనా వస్తే అతని నోట్లోంచి రావాలి, నీ నోట్లోంచి కాదు.

నోరు మూసుకోవడం ఒక వైద్యమని నాకు ఎవరూ చెప్పలేదు. నమ్మకం కలగలేదు కూడా. కానీ ఫిబ్రవరి దగ్గర పడుతోంది, నా దగ్గర వేరే మందు లేదు.

మర్నాడు కొట్టుకి వెళ్ళి స్టూలు లాక్కుని కూర్చున్నాను. నాన్న ఒక ట్రాంబోను మెడకు టంకం పెట్టి, అది చల్లబడేలోగా సిగరెట్టు వెలిగించాడు.

"నాన్నా, రోజు మొత్తంలో ఏ సిగరెట్టు నీకు బాగుంటుంది?"

ఆయన నా వంక అనుమానంగా చూశాడు. "ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. ఊరికే అడుగుతున్నా."

"ఊరికే అడిగే మనిషివా నువ్వు?" అన్నాడు గానీ, ఆలోచించాడు. "పొద్దున్న మీ అమ్మ చేసే వేడి వేడి అపి జావ తాగాక మొదటిది. అది స్వర్గం. తరవాత ఇదిగో, టంకం ఆరేటప్పుడు. అప్పుడు చెయ్యి పెట్టకూడదు, పెడితే కదిలిపోతుంది. చేతులకి ఏదో ఒక పని కావాలి కదా. ఇంక సాయంత్రం రిహార్సల్ అయ్యాక, అందరితో కలిసి ఒకటి."

"మిగతావి?"

"మిగతావేంటి?"

"రోజుకి ముప్పై తాగుతావు కదా. నువ్వు చెప్పినవి ఓ ఏడెనిమిది."

ఆయన సిగరెట్టు వైపు చూశాడు. "మిగతావి... ఏమో. అవి ఎప్పుడు వెలిగిస్తానో నాకే తెలీదు."

నేను లేచి నిలబడ్డాను. నాలుక చివర ఇరవై వాక్యాలు క్యూ కట్టి ఉన్నాయి. వాటిని అక్కడే ఆపి, వస్తాను నాన్నా అని బయటికొచ్చాను. వీధి సగం దాటేసరికి ఆయన కొట్టు గుమ్మంలోకి వచ్చి కేకేశాడు.

"అంతేనా? తిట్టవా?"

"ఇవాళ్టికి అంతే!"

"ఒంట్లో బాగానే ఉందా నీకు?"

చిన్న పని ఏం అడగాలో నాకు గురువారం భోజనం దగ్గర తట్టింది. మా ఇంట్లో ఎకేకో ఉన్నాడు. అమ్మకి పెళ్ళిలో ఆవిడ మేనత్త ఇచ్చిన జానెడు సున్నపు బొమ్మ. మీసాలు, చాచిన చేతులు, ఒంటి నిండా వేలాడే బుల్లి బియ్యం బస్తాలు, సేమ్యా పొట్లాలు, నవ్వుతూ తెరిచిన నోరు. ఇంటికి సిరి తెచ్చేది ఆయనే. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నం చర్చి గంట కొట్టాక ఆయన నోట్లో సిగరెట్టు వెలిగించి పెట్టాలి. పెట్టకపోతే అలుగుతాడు. అమ్మ పొగ తాగదు కాబట్టి నాన్నే ఒక పీల్పు పీల్చి అంటించి పెడతాడు. ముసలాయన ఒక్కడే కూర్చుని తాగడం ఏం బాగుంటుందని తనూ ఒకటి వెలిగిస్తాడు.

"నాన్నా, ఒకటి అడుగుతాను. మానమని కాదు."

"అయితే అడుగు."

"మన ఇంట్లో పెద్దవాళ్ళు చెంచా ఎత్తకముందు చిన్నవాళ్ళు ఎత్తొచ్చా?"

"ఎత్తితే చెయ్యి విరగ్గొడతా."

"ఎకేకో నీకంటే పెద్దవాడా, చిన్నవాడా?"

నాన్న నమలడం ఆపాడు. "పెద్దవాడే."

"మరి మంగళవారం, శుక్రవారం పొద్దుటినుంచి నువ్వు డజను లాగించి, మధ్యాహ్నానికి ఆయనకొకటి పెడతావు. ఎంగిలి కూడు పెట్టినట్టు కాదూ?"

అమ్మ గబుక్కున గుండెల మీద శిలువ గీసుకుంది. "నిజమే కదయ్యా హిలారియో! ఇన్నేళ్ళూ నాకు తట్టనే లేదు!"

నాన్న నన్ను, అమ్మని, అలమరాలో నవ్వుతున్న బొమ్మని మార్చి మార్చి చూశాడు. "లాయరుకి పుట్టాల్సిన దానివే నువ్వు," అన్నాడు. "సరే. వారానికి రెండు రోజులు. మధ్యాహ్నం దాకా. ఆయన తాగాకే నేను. కానీ ఇది ఆయన కోసం, నీ కోసం కాదు."

"నా కోసం అని ఎవరన్నారు?"

మొదటి మంగళవారం మా వీధి వీధంతా సుత్తి దెబ్బలకు ఉలిక్కిపడింది. సిగరెట్టుకి బదులు బుగ్గన కోకా ఆకు పెట్టుకుని నాన్న సొట్టలు తీశాడో, కొత్త సొట్టలు పెట్టాడో తెలియదు. బాకా తీసుకెళ్ళడానికి వచ్చిన ఒకతన్ని ఊరికే కసిరాడు. పన్నెండు గంటలు కొట్టగానే ఇంట్లోకి పరుగెత్తి ఎకేకోకి అంటించి, అది చివరిదాకా కాలి బూడిదయ్యేదాకా ఎదురుగా గొంతుక్కూర్చుని, అప్పుడు తనది వెలిగించాడు. నేను డ్యూటీ మధ్యలో వచ్చి చూశాను. ఏమీ అనలేదు. నా అంత మంచి నర్సు బొలీవియాలో లేదనుకున్నాను.

శుక్రవారం డ్యూటీకి వెళ్తూ ఏడింటికి రొట్టెలు ఇద్దామని ఆగాను. ఎకేకో ముందు బూడిద ఉంది. నాన్న అపి గ్లాసు పక్కన పెట్టుకుని హాయిగా పొగ వదులుతున్నాడు.

"ఇదేంటమ్మా?"

"పాపం, మంగళవారం మీ నాన్న చేతులు వణికిపోయాయే," అంది అమ్మ. "చూడలేకపోయాను. అందుకే ఐదింటికే ఆయన్ని లేపి ఇచ్చేశాం. ఎకేకోకి ఐదైతేనేం, పన్నెండైతేనేం?"

ఇంక చూడాలి నన్ను. డాక్టరమ్మ పాఠం గాలికి పోయింది. అమ్మ గారాబం, నాన్న మొండితనం, నీలం పెదవులు, దోన్ రోసెందో అల్లుడు, అన్నీ కలిపి పావుగంట వాయించాను. నాన్న అంతా విని గ్లాసు కింద పెట్టాడు.

"హమ్మయ్య, నువ్వే. మొన్న వచ్చిన ఆ మర్యాదస్తురాలు ఎవరో అనుకున్నా," అన్నాడు.

ఆ వారమంతా ఆయన ఒకదాని నిప్పుతో ఇంకొకటి అంటించాడు. నేను వస్తున్నానని తెలిస్తే రెండు పెట్టెలు బల్ల మీద కనపడేలా పెట్టాడు. నాలుగు రోజులు నేను ఆ వీధిలోకే వెళ్ళలేదు. ఐదో రోజు వెళ్ళాను. చాలా సిగ్గుగా ఉంది.

"తప్పు నాది నాన్నా."

"ఏం తప్పు?"

"అరవకూడదని అనుకున్నాను. అరిచాను. నువ్వు ఆ రోజు కూలబడ్డప్పుడు నాకు చాలా భయమేసింది. అదే అరుపుగా వస్తోంది."

ఇరవై ఏళ్ళలో నేను భయమన్న మాట ఆయన ముందు వాడలేదు. ఆయన కాసేపు ఒక గొట్టాన్ని తుడిచినచోటే తుడిచి, కాలితో స్టూలు నా వైపు జరిపాడు. కూర్చున్నాను.

నన్ను కాపాడింది మాత్రం అమ్మే. ఆ వారంలో అపి కాచే కుండ పగిలింది. కొక్కేనికి వేలాడుతున్న పొరుగు బ్యాండు బాకా దబ్బున కిందపడి దాని నోరు అప్పడంలా నలిగింది. అమ్మ రెంటినీ కలిపి ఒక నిర్ణయానికి వచ్చింది.

"ముసలివాణ్ణి చలిలో ఐదింటికి లేపితే ఊరుకుంటాడా? అలిగాడు. ఇంక పన్నెండు కొట్టేదాకా ఈ ఇంట్లో ఎవరూ వెలిగించడానికి వీల్లేదు," అని మంగళ, శుక్రవారాల్లో అగ్గిపెట్టెలన్నీ తన ఏప్రన్ జేబులో వేసుకోవడం మొదలుపెట్టింది. నేను ఎకేకో కోపం గురించి వాదించలేదు. ఆ ఇంట్లో నా పక్షాన ఉన్నది ఆయనొక్కడే.

డిసెంబరు అలా గడిచింది. జనవరిలో వానలు మొదలయ్యాయి. కొట్టు పైకప్పు మీద వడగళ్ళు పడుతుంటే సుత్తి చప్పుడు కూడా వినపడేది కాదు. నాన్న తన బాకాని విప్పి శుభ్రం చేసి, రోజూ పదకొండింటి వేళ ఒక పొడుగాటి స్వరం ఊది చూసుకునేవాడు. ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆ స్వరం గుమ్మంలోనే ఎదురొచ్చింది. అయిపోతుందనుకున్న చోట అయిపోలేదు. ఇంకా సాగింది.

"దెల్ఫీ, ఇలా రా," అన్నాడు ఆయన బాకా దించి, నుదురు ముడిచి. "దీంట్లో ఏదో తేడా ఉంది. మంగళవారం, శుక్రవారం బ్రహ్మాండంగా పలుకుతోంది. మిగతా రోజులు గొంతులో గుడ్డ కుక్కినట్టుంటోంది. టంకం సరిగ్గా పట్టలేదంటావా?"

నా నోట్లో నువ్వుగింజ నానదని మా కేంద్రంలో అందరికీ తెలుసు. ఆ రోజు నానింది.

"నువ్వేం అనుకుంటున్నావు నాన్నా?"

"చలివల్లేమో. ఇత్తడి ముడుచుకుంటుంది కదా."

"అయ్యుండొచ్చు."

ఆయన అతుకులన్నీ విప్పి మళ్ళీ టంకం పెట్టాడు. శనివారం ఊదితే గుడ్డ కుక్కినట్టే ఉంది. సోమవారమూ అంతే. మంగళవారం పలికింది. ఆయన పట్టు వదిలే మనిషి కాదు. దోన్ రోసెందో దగ్గర ఇంకో బాకా ఎరువు తెచ్చాడు. బుధ, గురువారాల్లో రెండు బాకాలూ మూలిగాయి. శుక్రవారం రెండూ పలికాయి. వడగళ్ళు ఆగిన నిశ్శబ్దంలో నాన్న ఆ రెండు బాకాల్ని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత తలుపులోంచి లోపలి అలమరా వైపు చూశాడు. అప్పటికి ఇంకా పన్నెండు కాలేదు. ఎకేకో నోరు ఖాళీగానే ఉంది.

నేను నోరు మెదపలేదు. పదహారేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అతి కష్టమైన పని ఆ ఐదు నిమిషాలు.

ఆ తరవాతి బుధవారం, అమ్మకి బీపీ మాత్రలు ఇద్దామని పదింటికి వెళ్ళాను. కొట్లో నాన్న ఒక బాకా మెడకు టంకం పెట్టి, అది ఆరేదాకా ఎదురు చూస్తున్నాడు. చేతులకు పని కావాలి కాబట్టి ఒక గుడ్డ పట్టుకుని దాని నోరు తుడుస్తున్నాడు. అది అప్పటికే తళతళలాడుతోంది. బూడిద వేసే సార్డీన్ చేపల డబ్బా కడిగి బోర్లించి ఉంది. ఇవాళ బుధవారం కదా అని అడగబోయి ఆగాను.

"జావ తాగుతావా? మీ అమ్మ ఇప్పుడే దించింది," అన్నాడు.

"తాగుతాను."

ఇద్దరం తాగాం. వానల గురించి మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరికి ఆయన లెక్క ఎంతో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. తనకు తెలియకుండా వెలిగేవి ముందు పోయాయని, స్వర్గమన్నది కూడా పన్నెండు దాటాకే వెలుగుతోందని అమ్మే నాకు వార్తలు మోసింది. ఆదివారాలు పొద్దున్నే బాకా నడుముకి వేసుకుని ఊరేగింపు దారంతా నడిచేవాడు. ఎక్కడైనా కూలబడితే అని అమ్మ ఒక మడత స్టూలు పట్టుకుని వెనక నడిచేది. మొదటి వారం దాన్ని మూడుసార్లు విప్పింది. ఆఖరి వారం విప్పలేదు, ఊరికే మోసుకొచ్చానని విసుక్కుంది.

చివరి ఊరేగింపు నాడు ఆకాశం నల్లగా ఉంది. కార్నివాల్ దగ్గరపడ్డాక మా ఊరి పిల్లలకు పట్టపగ్గాలుండవు. నీళ్ళ బుడగలు పట్టుకుని మేడల మీద నిలబడతారు, వాళ్ళకు పెద్ద బాకా నోటికంటే మంచి గురి దొరకదు. సగం దారిలో ఒక బుడగ సరిగ్గా నాన్న బాకాలో పడి పగిలింది. బాకా గుడగుడలాడింది. మనుషులు నవ్వారు. నాన్న నడక ఆపకుండా, బలంగా ఒక్క ఊపు ఊది నీళ్ళన్నీ ముందు వరసలో ట్రంపెట్టు వాళ్ళ వీపుల మీదికి చిమ్మాడు.

"మేస్త్రీ!" అని అరిచారు వాళ్ళు.

"గనిమాత దీవెనరా, తుడుచుకోకండి!" అన్నాడు నాన్న, స్వరానికీ స్వరానికీ మధ్య.

ఆఖరి ఎత్తు వచ్చింది. దోన్ రోసెందో ఈల నోట్లో పెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, చివరి వరసనే చూస్తున్నాడు. నాన్న మొహం కందిపోయింది. అడుగు బరువైంది. చెప్పుల కొట్టు దగ్గరికి వచ్చేసరికి అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఆవిడ గోళ్ళు దిగాయి. నేను పెదవులు చూస్తున్నాను, నీలం వస్తుందేమోనని. రాలేదు. ఆరు బాకాలు చెప్పుల కొట్టు దాటాయి. ఆరూ చర్చి ముందుకు చేరాయి. పాట అయిపోయాక నాన్న బాకా మీద రెండు చేతులూ ఆనించి రొప్పుతూ నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"ఏం మేస్త్రీ, పిస్టన్ బాగుపడిందా?" అన్నాడు దోన్ రోసెందో దగ్గరికొచ్చి.

"టంకం మార్చాను," అన్నాడు నాన్న.

"మంచిది. అల్లుణ్ణి ఈ ఏటికి తాళాలు పట్టుకోమంటాలే."

కార్నివాల్ శనివారం గురించి పెద్దగా చెప్పను, మా ఊళ్ళో ప్రతివాడూ తన కార్నివాలే గొప్పదంటాడు. మా నాన్న నాలుగు కిలోమీటర్లూ ఊదాడు. ఆడేవాళ్ళు మోకాళ్ళ మీద గనిమాత దగ్గరికి వెళ్తుంటే గుమ్మం దగ్గర నిలబడి ఇంకా ఊదాడు. ఆయన కింది పెదవి చిట్లి రక్తం వచ్చింది. నేను ఏడ్చాను, అమ్మ ఏడ్చింది, తాళాలు పట్టుకున్న అల్లుడు కూడా ఎందుకో ఏడ్చాడు.

పండగ దిగిపోయాక వచ్చిన సోమవారం కేంద్రం ముందు ఎప్పటికన్నా పొడుగ్గా క్యూ ఉంది. ఆరింటినుంచే జనం టోకెన్ల కోసం నిలబడతారు. నేను ఎనిమిదింటికి గది తెరిచి ఒక్కొక్కరినీ పిలుస్తున్నాను. పద్నాలుగు అని పిలిస్తే నాన్న లోపలికొచ్చాడు. ఆదివారం టోపీ పెట్టుకున్నాడు. సబ్బు వాసన వస్తోంది. టోకెను రెండు వేళ్ళతో పట్టుకుని చూపించాడు.

"నాన్నా! ఏమైంది? ఇంట్లో చెప్తే నేను వచ్చేదాన్నిగా. క్యూలో నిలబడటం ఏంటి?"

"ఇంట్లో నువ్వు నా కూతురివి. నాకు నర్సుతో పనుంది. కూర్చోవచ్చా?"

నేను కాగితం ముందుకు లాక్కున్నాను. నర్సుని కదా.

"కూర్చోండి. పేరు?"

"హిలారియో కనవిరి."

"వయసు?"

"అరవై రెండు."

"పొగ తాగుతారా?"

"రోజుకి తొమ్మిది. ఇవాళ ఇంకా లేదు."

"ఏం పని మీద వచ్చారు?"

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"ముప్పై రెండు కార్నివాళ్ళు ఊదానమ్మా. నా పక్కన ఇంకో ఐదుగురు ఊదుతారు. ఇన్నేళ్ళూ ఆ ఎత్తు ఎక్కేటప్పుడు వాళ్ళు నాకు వినపడేవాళ్ళు కాదు, నా రొప్పే నాకు వినపడేది. అందరికీ అంతేననుకున్నా. ఈసారి కార్నివాల్ శనివారం విన్నాను. ఐదుగురినీ, ఒక్కొక్కళ్ళనీ విడివిడిగా విన్నాను. వచ్చే ఏడు కూడా వినాలనుంది." ఆయన నా వైపు తిరిగాడు. "ఆ తొమ్మిదీ నా ఒక్కడి వల్ల కావడం లేదు. నేను మానేస్తాను. నువ్వు సాయం పట్టు."

ఇరవై ఏళ్ళు ఆ మాట కోసం నేను తిట్టాను, దాచాను, విరిచాను. అది ఇంత మెల్లగా వచ్చి నా ఎదురుగా కూర్చుంటుందని అనుకోలేదు. రాద్దామని కలం పెట్టాను. కాగితం మీద గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నా సంతోషం పట్టడానికి ఆ గది చాలలేదు.

నాన్న తన జేబురుమాలు తీసి బల్ల మీద నా వైపు జరిపాడు.

"ఏడుపు తరవాత ఏడుద్దువుగానీ, ముందు రాసుకోవే," అన్నాడు. "బయట పదిహేనో నంబరాయన ఆరింటినుంచి నిలబడి ఉన్నాడు."